రచయితా, బొగ్గు లెక్కా

ఇటీవల మన కవిత్వంలో కాలుష్యమన్న మాట తరచుగా వినిపిస్తున్నది. భూతల్లి విలపిస్తుంది, చిమ్నీ విషం కక్కుతుంది. ఈ ఆవేదనలో నిజాయితీ లేదని నేననను. కాని ఆ పొగ ఏ పదార్థంలోంచి వచ్చింది, దాన్ని ఎవరు తవ్వారు, దాని బూడిద ఎవరి ఊరి పక్కన పడింది అన్న ప్రశ్నలు ఆ కవితల్లో అరుదు. వస్తువు తెలియని చోట రూపం ఎంత మెరిసినా ఆవేదన గాలిలోనే ఉండిపోతుంది. అందుకే అనకాపల్లివాడిగా, మా జిల్లాలో మండుతున్న బొగ్గు లెక్క చెప్పదలిచాను.

మా ఊరు బెల్లానికి పేరు పడింది. చెరకు గానుగాడగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి, దానితోనే పెనం కింద మంట పెడతారు. ఆ పొగా కళ్ళు మండిస్తుంది. అయితే అందులో పోయేది ఏడాది కిందట చెరకు ఆకు గాలిలోంచి తీసుకున్న కర్బనమే. వచ్చే పంట మళ్ళీ దాన్ని తీసుకుంటుంది. అప్పు ఏడాదిలో తీరుతుంది. మా జిల్లాలోనే, పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో మండేది కూడా ఒకనాటి చెట్టే. కాని అది సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ కిందటి చెట్టు. తేడా అంతా ఈ కాలంలోనే ఉంది.

ఆనాడు ఇండియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా ఒకే భూఖండంగా ఉండేవి. గోండులు నివసించే నేల పేరు మీద శాస్త్రజ్ఞులు దానికి గోండ్వానా అని పేరు పెట్టారు. ఇవాళ గోదావరి, మహానది పారుతున్న లోయల్లో అప్పుడు నేల మెల్లగా కుంగుతూ ఉండేది. గ్లాసోప్టెరిస్ వంటి చెట్లు చిత్తడిలో కూలి, నీటి అడుగున ప్రాణవాయువు చాలక, పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్నాయి. వాటి మీద ఇసుకా, ఒండ్రూ పొరలు పొరలుగా పడ్డాయి. ఒత్తిడికీ వేడికీ నీరూ వాయువులూ పోగా కర్బనం మిగిలింది. మొదట పీట్, తర్వాత లిగ్నైట్, ఆపైన బొగ్గు. వరదలు తెచ్చిన మట్టి ఆ వృక్షపదార్థంలో కలిసిపోవడం వల్లనే మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. చాలాచోట్ల 35, 40 శాతం దాకా ఉంటుంది. చమురూ సహజవాయువూ ప్రధానంగా నీటిలోని సూక్ష్మజీవుల అవశేషాల నుంచి పుట్టినవి. వాటి కథ వేరే చెప్పుకోవాలి.

ఇక తవ్వకం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. సింగరేణి అన్న పేరు అలా తెలుగువాడి నోటికెక్కింది. నేల కింద గనిలో కప్పు కూలుతుందన్న భయం, విషవాయువు భయం, ఊపిరితిత్తుల్లో దుమ్ము కార్మికుడికి దక్కాయి. ఇప్పుడు సింగరేణిలో అధికభాగం ఓపెన్‌కాస్ట్ తవ్వకమే. అందులో నేల కిందికి దిగడం తప్పింది. కాని పైనున్న పొలం, అడవి, ఊరు లేచిపోవాలి. మట్టి గుట్టలై లేస్తుంది, చుట్టుపక్కల బావుల్లో నీరు దిగిపోతుంది. సింహాద్రికి ప్రధానంగా బొగ్గు వచ్చే ఒడిశాలోని తాల్చేరు గనుల కథా ఇదే.

సింహాద్రిలో 2002లో రెండు, 2011–12లో మరో రెండు యూనిట్లు నడకకొచ్చాయి. మొత్తం సామర్థ్యం 2000 మెగావాట్లు. మన బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి ఇంచుమించు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. ఆ లెక్కన కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 30 వేల టన్నులకు పైగా బొగ్గు మండుతుంది. 10 వేల టన్నులకు పైగా బూడిద మిగులుతుంది. దానిలో కొంత సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది. తక్కినది నీటితో కలిపి బూడిద చెరువుకి పంపుతారు. చెరువు ఎండితే గాలికి బూడిద లేస్తుంది. ఇళ్ళ మీదా తిండి మీదా అది పడుతున్నదని పక్క పల్లెల జనం మొత్తుకోవడం పత్రికల్లో ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాం.

కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది. ఒక కిలో కర్బనం మండితే సుమారు 3.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళుగా ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. భూమి వేడిని అది పట్టి ఉంచుతుంది. ఆ వేడిలో అత్యధిక భాగాన్ని సముద్రం మింగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ప్రాంతపు చెరకును నేలమట్టం చేసింది. ఫలానా తుఫానుకి ఫలానా చిమ్నీయే కారణమనడం శాస్త్రం కాదు. కాని సముద్రం వేడెక్కినకొద్దీ తుఫానుకి బలం పెరిగే అవకాశం హెచ్చుతుందన్నది శాస్త్రమే.

ఇప్పుడు సాహిత్యం సంగతికి వద్దాం. సింగరేణి కార్మికుడి మీద మనకు మంచి కథలూ, నవలలూ వచ్చాయి. నిర్వాసితుల మీదా వచ్చాయి. అయితే గని ఒక కథలో, బూడిద ఇంకొక కథలో, దీపం మూడో కథలో ఉండిపోయాయి. ఈ మూడింటినీ కలిపేది ఒకే సరుకు. నేనీ వ్యాసం రాసుకున్న దీపం వెలుగులోనూ అది ఉంది. కరెంటు బిల్లు మీద యూనిట్ ధర ఉంటుంది. తాల్చేరులో పోయిన ఊరూ, పరవాడలో పడ్డ బూడిదా ఆ కాగితం మీద ఉండవు. బొగ్గు చవక అనే మాట వెనుక ఉన్నది ఈ రాయని ఖర్చే.

చిక్కు ఇక్కడితో తీరదు. గని మూతపడితే కూలి పోయేది కార్మికుడికి. గని నడిస్తే బూడిద తినేది మరో శ్రామికుడు. ఇద్దరూ మనవాళ్ళే. ఒకరి పక్షాన నినాదమిచ్చి రెండోవాడి వైపు చూడకపోవడం తేలిక. ఆ ఇద్దర్నీ ఒకే కథలో ఎదురెదురుగా నిలబెట్టి, ఇద్దరి మాటా నిజమేనని పాఠకుడి చేత ఒప్పించి, ఈ వైరుధ్యం వల్ల లాభపడుతున్నదెవరన్న ప్రశ్న దాకా తీసుకుపోగల రచయిత కోసం మన సాహిత్యం ఎదురుచూస్తున్నది. ఆ పనికి కావలసిన మొదటి సరంజామా ఈ లెక్క తెలియడమే.