గాజు పలకల మీద నిజాం కొలువు

మా ఆగిరిపల్లి గుడిలోని శోభనాచలుడి తిరునాళ్ళలో కొత్త జంటలకు ఫొటోలు తీసి బతికినవాణ్ణి. ఊళ్ళో ఎవరడిగినా నా వృత్తికి పెద్దదిక్కు రాజా దీన్ దయాళ్ అనే చెబుతాను. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2010లో అక్కడ పెద్ద ప్రదర్శన పెట్టారు. 2013లో టొరంటోలోని రాయల్ అంటారియో మ్యూజియం కూడా పెట్టింది.

ఇలాంటి ప్రదర్శనకు వెళితే మొహాలకంటే ముందు ఫొటో సైజు చూడండి. గాజు పలకకు కాగితం ఆనించి ఎండలో అచ్చు తీసేవారు. ఎంత బొమ్మ కావాలో అంత పలక, దానికి తగ్గ కెమెరా మోయాలి. మాకిప్పుడు సెల్లు బరువనిపిస్తోంది!

దీన్ దయాళ్ చేసిన పనుల్లో అన్నిటికన్నా నాకు నచ్చింది జనానా స్టూడియో. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో తెరిచాడు. లోపల ఫొటోలు తీసే బాధ్యత ఒక ఆంగ్ల మహిళది. మగవాళ్ళకు ప్రవేశం లేదు, యజమానితో సహా.