అడుగులకు అరిసెలు

పలివెలలో కొప్పేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల ఇళ్లలోనైనా, కోనసీమలో మరెక్కడైనా, బిడ్డ ఎదుగుదలకు పిండివంటలే లెక్క. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఏది ఏ నెలలో వండాలన్న గడువు మాత్రం పెద్దవాళ్లు పెట్టలేదు. చాలా తెలివైన పద్ధతి.

గడువు పెట్టేది ఇరుగుపొరుగు. ‘మావాడు పదో నెలకే నడిచేశాడండీ’ అంటే చాలు, ఇంకా పాకుతున్న పిల్లాడి అమ్మమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి అయిదు దేశాల పిల్లలను గమనించి 2006లో చెప్పిన సంగతి ఆవిడకు తెలియాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కొందరు ఎనిమిది నెలలు దాటగానే నడిచారు, కొందరికి పదిహేడున్నర నెలలు పట్టింది. నూటికి నలుగురు అసలు పాకనే లేదు. ఏడాదిన్నర దాటినా నడవకపోతే అప్పుడు డాక్టరుకు చూపించాలి.

వరస మాత్రం పెద్దగా మారదు. మెదడు ఆజ్ఞలను మోసే నరాల చుట్టూ మయలిన్ అనే కొవ్వు పొర ఏర్పడుతుంది. అది ఏర్పడ్డాక సంకేతం ఎన్నో రెట్లు వేగంగా వెళుతుంది. ఒంటిమీద పట్టు తలవైపు నుంచి కిందికి దిగుతుంది. అందుకే ముందు మెడ నిలుస్తుంది, తర్వాత నడుము, ఆఖరున కాళ్లు.

నడకకు ఇంత వెసులుబాటు ఉంది. తిండికి లేదు. దాదాపు 50 సెంటీమీటర్లతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి 75కు చేరుతుంది, బరువు మూడింతలవుతుంది. పుట్టాక అంత వేగం మళ్లీ ఎన్నడూ రాదు. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ అందించారు. ఈ ఆహార పథకం ఇంకా చేరని 14 పల్లెలతో పోల్చారు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక, 2003-05లో మళ్లీ కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతావాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. నన్ను కదిలించింది అది కాదు. వాళ్ల రక్తనాళాల్లో బిరుసుదనం తక్కువగా ఉంది, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తపోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇప్పుడు పలివెల ఉన్న కొత్తపేట మండలంలోనూ అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు గుడ్లు, పాలు అందుతున్నాయి. వాటిని ఇంటిల్లిపాదికీ పంచి, మిగిలింది తాను తినే కోడళ్లు ఇంకా ఉన్నారు. ఆ గుడ్డు ఆ అమ్మాయే తినాలి. అత్తగారే దగ్గరుండి తినిపించాలి.

ఒళ్లు మళ్లీ చకచకా సాగేది ఈడొచ్చే వయసులో. ఆడపిల్లలకు అది మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందు మొదలవుతుంది. తర్వాత ఎముకల చివరలు మూసుకుని ఎత్తు ఆగిపోతుంది. మెదడు ఆగదు. ఒళ్లు పెరిగిందిగానీ బుద్ధి పెరగలేదని ఇంటర్ కుర్రాణ్ణి తండ్రి కేకలేస్తాడు. ఆ మాటలో శాస్త్రం ఉంది. తొందరపాటును ఆపి, ముందూ వెనకా చూసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల దాకా తయారవుతూనే ఉంటుంది.