ఆధునిక పికప్ వాహనాలలో ట్రైలర్ లాగుడు సాంకేతికత: వ్యవసాయ రవాణాలో ఉపయోగాలు, పరిమితులు

అమెరికా సంయుక్త రాష్ట్రాల వ్యవసాయ రవాణాలో పికప్ వాహనానికి ఉన్న స్థానం, తెలుగు రాష్ట్రాలలో ట్రాక్టరు ట్రాలీకి ఉన్న స్థానం వంటిది. పశువులు, ఎండుగడ్డి బేళ్లు, విత్తనాలు, ఎరువులు, చివరకు చిన్న ట్రాక్టర్లు సైతం పికప్ వెనుక తగిలించిన ట్రైలర్లపై పొలానికో సంతకో చేరుతాయి. ఇటీవలి సంవత్సరాలలో ఈ వాహనాలలో కెమెరాలు, సెన్సార్లు, కంప్యూటర్ ఆధారిత నియంత్రణలు విస్తృతంగా చేరాయి. వీటిలో కొన్ని ప్రమాదాలను నివారిస్తాయి, కొన్ని శ్రమను మాత్రమే తగ్గిస్తాయి. బరువును సక్రమంగా అమర్చే బాధ్యత మాత్రం నేటికీ మనిషిదే. ఈ తేడాలను వివరించి, వాటిలో ట్రాక్టరు ట్రాలీకి వర్తించే అంశాలను గుర్తించడం ఈ వ్యాస ఉద్దేశం.

లాగుడు సామర్థ్యం

ఒకప్పుడు ప్రతి తయారీ సంస్థ తనకు తోచిన పద్ధతిలో లాగుడు సామర్థ్యాన్ని ప్రకటించేది. అందువల్ల ఒక వాహనాన్ని మరొకదానితో పోల్చడం కష్టమయ్యేది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఎస్.ఏ.ఈ. సంస్థ 2008లో జె2807 అనే ప్రమాణాన్ని వెలువరించింది. 2011 నమూనాలతో టొయోటా దీనిని మొదట అనుసరించగా, తక్కిన ప్రధాన సంస్థలు తరువాత అనుసరించాయి. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ వద్ద సుమారు 18 కిలోమీటర్ల ఎత్తుపల్లపు రహదారిపై, తీవ్రమైన ఎండలో, ఏ.సి.ని పూర్తిస్థాయిలో నడుపుతూ, బరువుతో కనీస వేగాన్ని నిలుపుకొంటూ ఎక్కడం ఈ పరీక్షలో ముఖ్య భాగం.

అయితే ప్రకటిత సామర్థ్యం ఒక్కటే చూడడం చాలదు. సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుండి 15 శాతం హిచ్‌పై పడాలి. ఆ భారం వాహనం మోయగల బరువులోనే లెక్కకు వస్తుంది. ఉదాహరణకు, 5,000 కిలోలు లాగగలిగి, 750 కిలోలు మోయగలిగే పికప్‌ను ఊహిద్దాం. పూర్తి బరువుతో ఉన్న ట్రైలర్ నుండి 12 శాతం చొప్పున 600 కిలోలు హిచ్‌పై పడతాయి. మిగిలేది 150 కిలోలు మాత్రమే. ఇద్దరు మనుషులు ఎక్కితే అది దాదాపు పూర్తవుతుంది. ఆపై తొట్టిలో నాలుగు విత్తన బస్తాలు వేసినా పరిమితి దాటినట్లే.

హిచ్ భారం, ఇరుసులు

హిచ్ వెనుక ఇరుసుకు ఆవల ఉండడం వల్ల అక్కడి భారం తులాదండంలా పనిచేస్తుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 3.6 మీటర్లు, వెనుక ఇరుసు నుండి హిచ్‌కు దూరం 1.2 మీటర్లు అనుకుంటే, హిచ్‌పై 300 కిలోలు పడినప్పుడు వెనుక ఇరుసుపై 400 కిలోలు పెరిగి, ముందు ఇరుసుపై 100 కిలోలు తగ్గుతాయి. ఫలితంగా ముందు చక్రాల పట్టు సడలి, స్టీరింగ్, బ్రేకులు బలహీనపడతాయి. భారాన్ని తిరిగి ముందు ఇరుసుకు పంచే హిచ్‌లు ఇందుకే వచ్చాయి. గూస్‌నెక్ పద్ధతిలో కొక్కెం తొట్టిలో, వెనుక ఇరుసుకు పైన లేదా కాస్త ముందు ఉంటుంది కనుక, ఎక్కువ బరువును స్థిరంగా లాగగలుగుతుంది. పెద్ద పశువుల ట్రైలర్లు తరచు ఈ విధంగానే ఉండడానికి కారణమిదే.

బ్రేకులు, ఊగిసలాట నియంత్రణ

ప్రాణరక్షణ దృష్ట్యా అన్నిటికన్నా విలువైనది ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండడం. అమెరికాలోని అనేక రాష్ట్రాలు సుమారు 1,360 కిలోలు దాటిన ట్రైలర్లకు బ్రేకులను తప్పనిసరి చేశాయి. నేటి పికప్‌లలో అమర్చి వచ్చే బ్రేకు నియంత్రిక, వాహనం ఎంత గట్టిగా ఆగుతున్నదో గ్రహించి, ట్రైలర్ విద్యుత్ బ్రేకులకు అందుకు తగిన కరెంటును పంపుతుంది. ట్రైలర్ విడిపోతే, దానిపైనున్న బ్యాటరీ సాయంతో బ్రేకులు వాటంతట అవే పడేలా ప్రత్యేకమైన స్విచ్ ఉంటుంది.

హిచ్‌పై భారం తక్కువై, బరువు ట్రైలర్ వెనుక భాగంలో చేరినప్పుడు, వేగం పెరిగినా ఈదురుగాలి తగిలినా ట్రైలర్ అటూఇటూ ఊగడం మొదలవుతుంది. ఊగిసలాట నియంత్రణ వ్యవస్థ సెన్సార్ల ద్వారా దీనిని పసిగట్టి, ఒక్కో చక్రానికి వేరువేరుగా బ్రేకు వేసి, ఇంజన్ శక్తిని తగ్గిస్తుంది. ఇది ఉపద్రవాన్ని అదుపు చేసే సాధనమే గాని, తప్పుగా నింపిన సరుకును సరిచేసే సాధనం కాదు.

వెనుకకు నడపడం, ఇతర సౌకర్యాలు

ట్రైలర్‌తో వెనుకకు వెళ్లేటప్పుడు స్టీరింగ్‌ను ఎడమకు తిప్పితే ట్రైలర్ కుడికి మళ్లుతుంది. కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. ఫోర్డ్ 2016 ఎఫ్-150లో ప్రవేశపెట్టిన వ్యవస్థలో, ట్రైలర్ ఎటు వెళ్లాలో ఆ వైపుకు ఒక చిన్న మీటను తిప్పితే చాలు. స్టీరింగ్‌ను వాహనమే చూసుకుంటుంది. యాక్సిలరేటరు, బ్రేకు మాత్రం చోదకుని అధీనంలోనే ఉంటాయి. వెనుక కెమెరా తెరపై కనిపించే గీతల వలన మరొకరి సాయం లేకుండా హిచ్‌ను సరిగా చేర్చవచ్చు. అయితే దుమ్ము, బురద కప్పిన కెమెరా పొలంలో ఎందుకూ కొరగాదు.

వాహనం నుండే విద్యుత్తు పొందే సదుపాయం మరొకటి. 2021 ఎఫ్-150 హైబ్రిడ్‌లో 7.2 కిలోవాట్ల వరకు లభిస్తుంది. పొలంలో వెల్డింగుకు, చేతి పనిముట్లకు ఇది చక్కగా ఉపకరిస్తుంది. 5 హెచ్.పి. మోటారు ఉత్పత్తి చేసే శక్తి సుమారు 3.7 కిలోవాట్లే అయినా, అది మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు కరెంటు అవసరమవుతుంది. కనుక ఈ అంకెను బట్టి మోటారును ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం.

ట్రాక్టరు ట్రాలీకి అన్వయం

మన పల్లెలలో పికప్‌లు ప్రధానంగా తొట్టిలోనే సరుకు మోస్తాయి. లాగే పని ట్రాక్టరుది. పరికరాలు వేరైనా భౌతిక సూత్రాలు ఒక్కటే. 2 టన్నుల ట్రాక్టరు, బ్రేకులు లేని 6 టన్నుల ట్రాలీని లాగుతున్నదనుకుందాం. ట్రాక్టరును మాత్రమే ఆపగల అదే బ్రేకు బలం మొత్తం 8 టన్నులను ఆపవలసి వస్తే, బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. పల్లంలోనైతే ట్రాలీ ట్రాక్టరును ముందుకు నెట్టి, పక్కకు మెలితిప్పే ప్రమాదమున్నది. ఏ కంప్యూటరూ లేకుండా పాటించదగిన జాగ్రత్తలు ఇవి:

1. ట్రాలీని డ్రాబార్‌కే తగిలించాలి. ఇరుసు కన్నా ఎత్తులో తగిలిస్తే ట్రాక్టరు ముందు చక్రాలు పైకి లేచి వెనుకకు తిరగబడవచ్చు.
2. రోడ్డెక్కే ముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి బిగించాలి.
3. రెండు చక్రాల ట్రాలీలో సరుకును వెనుక భాగాన కుప్పగా వేయరాదు. కొంత భారం హిచ్‌పై పడేలా సర్దాలి.
4. పిన్నుకు లాకు వేయాలి. అది ఊడినా ట్రాలీ విడిపోకుండా గొలుసు కట్టాలి.
5. పల్లంలో న్యూట్రల్‌లో దిగరాదు. ముందుగానే చిన్న గేరులోకి మారాలి.
6. ట్రాలీ వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు, పనిచేసే దీపాలు ఉండాలి.

నేల ఆరోగ్యం దృష్ట్యా మరొక మాట. బరువైన ట్రాలీని తడి పొలంలోకి దింపితే, టైర్లలో గాలి తగ్గించినప్పటికీ ఇరుసు భారం వల్ల కింది పొరలు గట్టిపడతాయి. సరుకును గట్టు వద్దకే చేర్చి, అక్కడ నింపడం మేలు.

ముగింపు

లాగుడు సాంకేతికత నైపుణ్యానికి తోడ్పడుతుంది గాని దాని స్థానాన్ని భర్తీ చేయదు. బ్రేకులు, సక్రమమైన హిచ్, బరువు పంపిణీ మొదటి వరుసకు చెందినవి. కెమెరాలు, స్వయంచాలక స్టీరింగ్ ఆ తరువాతివి. విస్తరణ శాస్త్రవేత్తలు యంత్రీకరణ శిక్షణలలో దుక్కి, నాటు యంత్రాలతో పాటు ట్రాలీ తగిలించడం, నింపడం, ఆపడం అనే మూడు పనులను ప్రదర్శన ద్వారా నేర్పాలి. పంట ఇంటికి చేరే దారిలో రైతు, కూలీల ప్రాణాలకు భద్రత కల్పించడం కూడా విస్తరణ సేవలో భాగమే.