గోల్ఫ్ కర్ర మనకు సరిపోవాలి... మనం దానికి కాదు!

"గోల్ఫా? అది గొప్పోళ్ళ ఆట. మనకెందుకమ్మా!" అని పేజీ తిప్పేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మా బుచ్చయ్యపేటలో గోల్ఫ్ మైదానం లేదు. చెరకు తోటలూ, వరి మళ్ళూ ఉన్నాయి. అయితే ఈ ఊళ్ళలో పెరిగిన ఆడపిల్లలు ఇప్పుడు విశాఖలో, హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో కాపురాలు చేసుకుంటున్నారు. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది. హైదరాబాదులో గోల్కొండ కోట పక్కన, నయా ఖిల్లా దగ్గరే గోల్ఫ్ మైదానం ఉంది. మన దేశానికి ఈ ఆట కొత్తదేమీ కాదు. కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టింది 1829లో!

భర్త ఆడుతుంటే తోడు వెళ్ళి సరదా పుట్టినవాళ్ళూ, డాక్టరు నడవమంటే ఆ పచ్చికలోనే నడుద్దామనుకున్నవాళ్ళూ, పాపను చేర్పించాలనుకునే తల్లులూ మనలో చాలామందే ఉన్నారు. అందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే. ఏం కొనాలి? ఎంత పెట్టాలి?

కొట్లోకి వెళితే వేలల్లో మొదలై లక్షల దాకా చెబుతారు. అందుకే తెలుసుకుని వెళ్ళడం మంచిది.

పార కామ చెప్పే పాఠం

పొలం పనికి వెళ్ళే మనిషి పార తెచ్చుకుంటే ముందు దాని కామ చూసుకుంటాడు. కామ పొట్టిదైతే నడుం పట్టేస్తుంది. పొడుగైతే దెబ్బ అనుకున్న చోట పడదు. అన్న పార తమ్ముడికి కుదరదు. ఇది మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గోల్ఫ్ కర్ర సంగతీ అంతే. కాకపోతే ఇక్కడ ఆ మాట ఎవరూ చెప్పరు!

మా ఆడపడుచు విశాఖలో ఉంటుంది. నలభై దాటాక గోల్ఫ్ నేర్చుకుంటానంది. ఇంట్లో వాళ్ళాయన పాత కర్రల సంచి ఉంది కదా, "దీంతో మొదలుపెట్టు, కుదిరితే కొత్తవి కొందాం" అన్నారట. ఆయన ఆరడుగుల మనిషి. ఈమె ఐదడుగుల రెండంగుళాలు. మూడు నెలలు తిరిగేసరికి భుజం నొప్పి, మణికట్టు వాపు. బంతి మాత్రం నేల మీద దొర్లుతుందే గానీ పైకి లేవదు. "నాకు చేతకాదు వదినా, ఆడవాళ్ళకి ఇది కుదిరే ఆట కాదు" అని సంచి మంచం కిందికి తోసేసింది. చివరికి నేర్పే ఆయన ఒకరోజు ఆడవాళ్ళకి చేసిన కర్ర ఒకటి చేతికిచ్చి కొట్టమన్నారు. నాలుగో దెబ్బకే బంతి గాల్లోకి లేచింది!

లోపం మనిషిలో లేదు, పనిముట్టులో ఉంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మీ డబ్బూ మిగులుతుంది, భుజమూ మిగులుతుంది.

సంచిలో ఏముంటాయి?

గోల్ఫ్ కర్రనే క్లబ్బు అంటారు. పేకాట క్లబ్బు కాదు లెండి! పట్టుకునే చోటు గ్రిప్, మధ్య కడ్డీ షాఫ్ట్, బంతికి తగిలే భాగం హెడ్. ఆటలో ఒక మనిషి సంచిలో 14 క్లబ్బులకు మించి ఉండకూడదని నియమం. అంటే 14 కొనాలని కాదు, అంతకు మించకూడదని! ఈ తేడా కొట్టువాళ్ళు చెప్పరు.

వుడ్స్ అంటే దూరం కొట్టేవి. ఒకప్పుడు వీటి హెడ్ నిజంగానే చెక్కతో చేసేవారు, ఇప్పుడు లోహంతో చేస్తున్నా పేరు మారలేదు. వీటిలో పెద్దది డ్రైవర్. ఐరన్స్ మధ్య దూరాలకు, వాటికి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ కర్ర పొట్టిదవుతుంది, బంతి ఎత్తుగా లేచి దగ్గర్లో పడుతుంది. హైబ్రిడ్ అంటే ఈ రెంటికీ మధ్యరకం, కొత్తవారికి చాలా సుళువు. వెడ్జ్‌లు దగ్గరి దెబ్బలకు, ఇసుక గుంటల్లోంచి బంతిని తియ్యడానికి. చివరిది పట్టర్, గుంత దగ్గర బంతిని మెల్లగా దొర్లించేది.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఏడు చాలు. ఒక 5 నంబరు వుడ్, ఒక హైబ్రిడ్, 7, 9 నంబరు ఐరన్లు, ఒక పిచింగ్ వెడ్జ్, ఒక శాండ్ వెడ్జ్, ఒక పట్టర్. డ్రైవర్ అందరి కళ్ళకూ ముందు కనబడుతుంది, ఖరీదూ ఎక్కువే, కానీ పొడుగ్గా ఉండడం వల్ల కుదురుగా కొట్టడం కష్టం. ఆరు నెలలాగి కొనుక్కోవచ్చు. సంచి తేలికగా ఉంటే నడకా హాయిగా ఉంటుంది.

ఆది జాకెట్టు లాగే కొలతలు

ఒకే ఎత్తున్న ఇద్దరికి ఒకే ఆది జాకెట్టు సరిపోతుందా? సరిపోదు కదా. గోల్ఫ్‌లో కూడా ఎత్తొక్కటే చూస్తే చాలదు, చేతుల పొడుగూ చూడాలి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, చేతులు కిందికి వదిలెయ్యండి. మణికట్టు గీత నుంచి నేల దాకా టేపుతో కొలిపించుకోండి. ఆ కొలతా, మీ ఎత్తూ కాగితం మీద రాసుకుని కొట్టుకి వెళ్ళండి. మామూలుగా ఆడవాళ్ళ క్లబ్బులు మగవాళ్ళ వాటికన్నా అంగుళం దాకా పొట్టిగా వస్తాయి. మీరు బాగా పొడుగైతే మగవాళ్ళ పొడుగే మీకు సరిపోవచ్చు. "లేడీస్" అని రాసి ఉందనీ, గులాబీ రంగులో ఉందనీ కొనెయ్యకండి. కొలతే చూడండి.

రెండోది షాఫ్ట్ వంగే గుణం. దీనికి ఇంగ్లీషు అక్షరాలు వేస్తారు. ఎల్ అంటే బాగా వంగేది, ఆడవాళ్ళ కోసం. ఏ అంటే కాస్త గట్టిది, ఆర్ అంటే మామూలుది, ఎస్, ఎక్స్ అంటే బిరుసువి. మెల్లగా ఊపేవారి చేతిలో బిరుసు కర్ర ఉంటే బంతి లేవదు, దెబ్బ అదురు చేతికి తెలుస్తుంది. కడ్డీ ఉక్కుతోనూ వస్తుంది, గ్రాఫైట్‌తోనూ వస్తుంది. గ్రాఫైట్ తేలిక, అదురు తక్కువ. మోచేతి నొప్పీ, భుజం నొప్పీ ఉన్నవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా దీనికే మొగ్గు చూపాలి.

మూడోది గ్రిప్ లావు. ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు మధ్య వేలూ, ఉంగరం వేలూ అరచేతిని అలా తాకీ తాకనట్టు ఉండాలి. గోళ్ళు గుచ్చుకుంటుంటే గ్రిప్ సన్నం, వేళ్ళకీ అరచేతికీ ఎడముంటే లావు. గ్రిప్ ఒక్కటీ మార్పించుకోవచ్చు, దాని కోసం కర్రంతా పారెయ్యక్కర్లేదు.

ఎడమచేతివాటం వారు మొహమాటపడి కుడిచేతి క్లబ్బు తీసుకోవద్దు. వారికి వేరే చేస్తారు. మన దేశానికి ఆడుతున్న దీక్షా డాగర్ ఎడమచేతివాటం అమ్మాయే. పుట్టుకతో చెవులు వినబడకపోయినా ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

పెళ్ళాం పెట్టిన పేరు

ఐరన్లు రెండు రకాలు. వెనక భాగం చదునుగా ఉండే బ్లేడ్ రకం బాగా చేయి తిరిగినవారికి. వెనక గుంటలా తొలిచి, బరువును అంచులకు పంచిన క్యావిటీ బ్యాక్ రకం మనకు. దీంతో దెబ్బ కాస్త పక్కకి తగిలినా బంతి మరీ దారి తప్పదు.

బరువును ఇలా అంచులకు పంచే పద్ధతికి పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజనీరు. ఆయన గోల్ఫ్ మొదలుపెట్టింది 42 ఏళ్ళ వయసులో! పట్టర్ కుదరక విసిగిపోయి, 1959లో తానే ఒకటి చేసుకున్నాడు. బంతికి తగిలినప్పుడు 'పింగ్' అని మోగింది, అదే కంపెనీ పేరయింది. 1966లో ఇంకో పట్టర్‌కి ఆలోచన రాగానే దగ్గర్లో ఉన్న గ్రామఫోను రికార్డు అట్ట మీద బొమ్మ గీసేశాడట. దానికి 'ఆన్సర్' అని పేరు చెప్పింది ఆయన భార్య లూయీస్. ఇంగ్లీషులో రాస్తే చోటు చాలడం లేదంటే, "ఒక అక్షరం తీసెయ్యండి" అని ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. నలభై దాటాక ఏం నేర్చుకుంటాంలే అనుకునేవారు ఈ దంపతుల్ని గుర్తు తెచ్చుకోవాలి!

కొనేముందు పౌడరు పరీక్ష

కొట్టిచూడకుండా క్లబ్బు కొనకండి. సాధన చేసే చోట చాలావరకు అద్దెకిస్తారు. నేర్పేవారి దగ్గరా ఒకటో రెండో ఉంటాయి. పొడి క్లబ్బు మూతికి కాస్త టాల్కం పౌడరు పల్చగా రాసి, బంతిని కొట్టి చూడండి. పౌడరు మీద బంతి గుర్తు పడుతుంది. పది దెబ్బలు కొడితే ఎక్కువ గుర్తులు మధ్యలో పడాలి. గుర్తులన్నీ మడమ వైపో, కొస వైపో పడుతుంటే పొడుగు మీకు కుదరలేదేమో అడగండి.

వాడినవి కొనడం తప్పేం కాదు. మంచి కంపెనీ పాత క్లబ్బులు కొత్త నాసిరకం కన్నా నయం. షాఫ్ట్ మీద పగుళ్ళు, తుప్పు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. హెడ్ పట్టుకుని మెల్లగా తిప్పితే కదలకూడదు. ఊపితే లోపల గలగలమనకూడదు. పెద్ద కంపెనీ పేరుతో మరీ చౌకగా వస్తోందంటే నకిలీ కావచ్చు, బిల్లు లేనిదే కొనకండి.

బంతుల విషయానికొస్తే, నేర్చుకునే రోజుల్లో ఖరీదైనవి వద్దు. చెరువులోకీ, తుప్పల్లోకీ వెళ్ళిపోయేవే ఎక్కువ! ఏ బంతైనా బరువు 45.93 గ్రాములకు మించకూడదు. పైన కనబడే గుంటలు అందానికి కాదు, అవుంటేనే గాలిలో దూరం పోతుంది. కుడిచేతివాటం వారికి గ్లోవు ఒక్కటే కావాలి, అదీ ఎడమ చేతికి. తోలు గ్లోవు మెత్తగా ఉంటుంది గానీ మన విశాఖ చెమటకు తొందరగా బిరుసెక్కిపోతుంది. రోజువారీకి సింథటిక్‌దే మేలు.

పిల్లలకు కొనే తల్లులకు

పెద్దవాళ్ళ కర్రను కోసి పాపకి ఇవ్వకండి. కోస్తే కడ్డీ మరింత బిరుసెక్కుతుంది, హెడ్ బరువు తగ్గదు. పిల్ల ఆ బరువును మొయ్యడానికి నడుం తిప్పేసి, తప్పు అలవాటు నేర్చుకుంటుంది. పిల్లల క్లబ్బులు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి కొనాలి. ఎత్తు పెరగ్గానే మార్చాలి కాబట్టి మూడు నాలుగు మించి వద్దు. పొట్టివైన వాటిని వెనకాల వచ్చే పిల్లలకివ్వండి.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ గుర్తుందా? బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకం ఆటకు దూరమై నాలుగో స్థానంలో నిలిచింది. అక్కడ ఆమె సంచి మోసింది ఎవరో తెలుసా? కన్నతల్లి మహేశ్వరి! ఆ సంచిలో ప్రతి కర్రా ఆ అమ్మాయి చేతికి తగ్గదే.

ఇంట్లో జాగ్రత్తలు

* ఆట అయ్యాక గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు కలిపి, పాత టూత్ బ్రష్షుతో హెడ్ గీతల్లో మట్టి తియ్యండి. కర్ర మొత్తాన్ని నానబెట్టకండి.
* పొడిగుడ్డతో వెంటనే తుడవండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉక్కు కడ్డీ తొందరగా తుప్పు పడుతుంది.
* గ్రిప్‌లను నెలకోసారి సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వండి.
* ఎండలో నిలిపిన కారు డిక్కీలో సంచి వదిలెయ్యకండి. జిగురు వదులై హెడ్ ఊడొచ్చు.
* తోలు గ్లోవును ఉండచుట్టి పెట్టకుండా, చదును చేసి నీడన ఆరబెట్టండి.

మా ఆడపడుచు ఏడు క్లబ్బులే కొనుక్కుంది, అందులో నాలుగు వాడినవి. ఇప్పుడు వారానికి రెండు రోజులు వెళుతోంది. మీ ఇంట్లో ఎవరైనా "నా పాతది ఉందిగా, సర్దుకో" అంటే, నవ్వుతూనే టేపు చేతికిచ్చి "ముందు నా కొలత తీసుకోండి" అనండి. సర్దుకోవడం మనకి అలవాటే. కానీ భుజం మాత్రం సర్దుకోదమ్మా!