లేహ్‌కి బండి మీద: పటం చెప్పని లెక్కలు

హైదరాబాద్ నుంచి శ్రీనగర్ మీదుగా లేహ్‌కు దాదాపు 2,800 కిలోమీటర్లు. రోజుకు 700 చొప్పున నాలుగు రోజుల్లో చేరిపోతామని కాగితం మీద రాసుకునే కుర్రాళ్లు ప్రతి వేసవిలోనూ కనిపిస్తారు. ఆ భాగహారంలో తప్పేమీ లేదు. కాకపోతే అందులో బండి నడిపే మనిషి లేడు. అతని నిద్ర లేదు, నాగపూర్ ఎండ లేదు, 5,000 మీటర్ల పైన దాదాపు సగానికి పడిపోయే గాలి ఒత్తిడి లేదు. దూరప్రయాణానికి ప్లాన్ వేయడమంటే ముందుగా మన ఒంటికి ఎంత సమయం కావాలో తేల్చుకోవడం. కిలోమీటర్ల సంగతి ఆ తర్వాత.

మైదానాల నుంచే మొదలుపెడదాం. హైదరాబాద్ దాటితే 44వ నంబరు జాతీయ రహదారి. కన్యాకుమారిని శ్రీనగర్‌తో కలిపే ఈ రోడ్డు మనల్ని నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్‌కు, అక్కడి నుంచి సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రాల గుండా ఢిల్లీకి చేరుస్తుంది. నున్నగా, తిన్నగా ఉండే రోడ్డు. ప్రమాదం కూడా అక్కడే ఉంది. మలుపులు, గుంతలు లేనిచోట మెదడుకు పని తగ్గుతుంది, కునుకు పట్టుకుంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. నాలుగు సెకన్లు రెప్ప వాలితే దాదాపు 90 మీటర్లు బండి తనంతట తానే పోతుంది.

నిద్రలేమికి, మత్తుకు ఉన్న సంబంధాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 1997లో ‘నేచర్’ పత్రికలో అంకెలతో చూపించారు. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానంగా ఉంది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునే హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాత్రి తొమ్మిదింటికి ఇంకా హ్యాండిల్ పట్టుకుని ఉన్నవాడు, చుక్క తాగకపోయినా చట్టం చెప్పిన గీత దాటినవాడి స్థితిలోనే ఉన్నాడు. ఇక్కడ మొండితనం పనిచేయదు. శరీరానికి సొంత గడియారం ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఒకసారి, తెల్లవారక ముందు మరోసారి అది మనల్ని కిందికి లాగుతుంది. మధ్యాహ్నం ఆ వేళకు ఏ దాబా మంచం మీదో పావుగంట కన్ను మూయడం ప్లాన్‌లో రాసుకోవాల్సిన విషయం. పడుకునే ముందు టీ, కాఫీ తాగితే ఇంకా మంచిది. కెఫీన్ పనిచేయడం మొదలుపెట్టడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది కాబట్టి లేచే సమయానికి అది అందుకుంటుంది.

చీకటి పడ్డాక నడపొద్దని పెద్దవాళ్లు చెబితే చాదస్తంగా అనిపిస్తుంది గానీ, అందులో గట్టి భౌతికశాస్త్రం ఉంది. ఎదురుగా ఏదో కనబడి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు మీద పడేసరికి సుమారు ఒకటిన్నర సెకన్లు. గంటకు 60 వేగంలో ఆ వ్యవధిలోనే 25 మీటర్లు పోతాం. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బండి ఆగడానికి మరో 24 మీటర్లు. మొత్తం 50 లోపు. వేగం 100 అయితే? గ్రహింపుకే 42 మీటర్లు, ఆగడానికి 65. మొత్తం వందకు పైమాటే. బ్రేకు వేశాక పోయే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. హెడ్‌లైట్ లో-బీమ్ రోడ్డును సరిగ్గా చూపేది 50, 60 మీటర్ల వరకే. ఆ వెలుగులో వందతో వెళ్లేవాడు, ఆగిపోయిన లారీని చూసే సమయానికే ఆగే అవకాశం పోగొట్టుకుని ఉంటాడు. రోజుకు 400 నుంచి 450 కిలోమీటర్లు, గంటన్నరకోసారి దిగి నడవడం, పొద్దుగూకే లోపు గది. మైదానంలో ఇంతకు మించి పెట్టుకోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

జూన్‌లో బయలుదేరేవాళ్లు హిమాలయాల చలికి సిద్ధపడినంతగా విదర్భ ఎండకు సిద్ధపడరు. మన చర్మం ఉష్ణోగ్రత దాదాపు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకే అది మన వేడిని లాక్కుపోతుంది. బయట 44 డిగ్రీలున్నప్పుడు వేగం పెంచితే గాలి మనకు వేడినే ఎక్కిస్తుంది. అప్పుడు మిగిలిన ఏకైక దారి చెమట ఆరడం. అందుకే ఎండలో జాకెట్ విప్పి టీషర్టుతో నడపడం వెనక్కి తన్నే పని. నీరు క్షణాల్లో ఆవిరైపోతుంది, చర్మం మీద వేడి గాలి నేరుగా కొడుతుంది. జాలీ జాకెట్ లోపల తడిపిన బనియన్ వేసుకుంటే మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే మన వీపు మీద పనిచేస్తుంది. నాగపూర్ పొడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది, మన కోస్తా ఉక్కపోతలో పనిచేయదు. దాహం వేసేదాకా ఆగకుండా ఆగినచోటల్లా నీళ్లు, మధ్యమధ్య ఓఆర్ఎస్ తాగాలి.

సెలవు తక్కువగా ఉంటే బండిని సికింద్రాబాద్‌లో రైలు పార్శిల్‌లో వేసి ఢిల్లీలో దించుకోవచ్చు. ట్యాంకులో పెట్రోలు ఖాళీ చేసి ఇవ్వాలి. దీన్ని నామోషీగా చూసేవాళ్లున్నారు. కొండ ఎక్కడానికి ముందే నాలుగు రోజుల అలసట పోగేసుకోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

ఇక అసలు విషయం, ఎత్తు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ కూడా గాలిలో ఆక్సిజన్ వాటా మనకున్నట్టే 21 శాతం. తగ్గేది గాలి ఒత్తిడి. అది సముద్రమట్టంతో పోలిస్తే 65 శాతమే. ఊపిరితిత్తుల్లోంచి ఆక్సిజన్‌ను రక్తంలోకి నెట్టేది ఆ ఒత్తిడే కాబట్టి అంత మేర రక్తానికి అందేది తగ్గుతుంది. వెంటనే శరీరం శ్వాస వేగం పెంచుతుంది. కానీ అలా ఎక్కువగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాంతో మెదడు, ఇక చాలు అన్నట్టు ఊపిరిని తగ్గించమంటుంది. ఒక చెయ్యి లాగుతుంటే ఇంకో చెయ్యి ఆపుతుంది. ఈ పేచీ తీర్చేవి మూత్రపిండాలు. అవి రక్తంలోని బైకార్బొనేట్‌ను మూత్రంలో బయటికి పంపి సమతౌల్యం తెస్తాయి. అందుకు వాటికి రెండు మూడు రోజులు కావాలి. లేహ్‌లో రెండు రోజులు కదలకుండా ఉండాలన్న నియమానికి మూలం ఇదే. అక్కడికి చేరినవాళ్లకు మూత్రం ఎక్కువగా రావడం, రాత్రి ఊపిరి ఒక్క క్షణం ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం మామూలే. ఎర్రరక్తకణాలు చెప్పుకోదగ్గంతగా పెరగాలంటే వారాలు పడుతుంది, మన యాత్రకు అది అందదు.

బలమైన ఒళ్లు ఉంటే చాలనుకోవడం పెద్ద పొరపాటు. 1962 యుద్ధకాలంలో మన సైన్యం వేలమందిని హడావుడిగా ఎత్తైన సరిహద్దులకు పంపాల్సి వచ్చింది. ఇందర్ సింగ్, ఆయన సహచర వైద్యులు 1969లో ‘న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించిన అధ్యయనం 1,925 మంది సైనికుల గురించి. వాళ్లంతా ఎత్తులో గాలి చాలక వచ్చే కొండజబ్బు పాలైన భారత సైనికులు. కసరత్తు చేసి కండలు తిరిగినవాళ్లకే తప్పనిది, జిమ్‌కు వెళ్లామన్న ధైర్యంతో తప్పదు.

వైద్యుల మార్గదర్శకాలు చెప్పేది సూటిగా ఉంటుంది. 3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రపోయే చోటు ముందురోజు కన్నా 500 మీటర్లకు మించి పైకి జరగకూడదు. పగలు ఎంత ఎత్తు దాటామన్నది కాదు, ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం. ఈ ఒక్క సూత్రం దారిని నిర్ణయిస్తుంది. మనాలీ వైపు నుంచి ఎక్కితే మొదటి రాత్రి జిస్పాలో, సుమారు 3,200 మీటర్లు. రెండో రాత్రి చాలామంది ఆగేది సర్చూ గుడారాల్లో, సుమారు 4,300. ఒక్క రోజులో 1,100 మీటర్ల దూకుడు, హద్దుకు రెట్టింపు పైనే. ఆ రాత్రి తలలు పగిలే నొప్పితో కూర్చునేవాళ్లు అందుకే అంతమంది. శ్రీనగర్ వైపు లెక్క వేరు. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే. మధ్యలో జోజీ లా కనుమ 3,528 మీటర్లు ఉన్నా దాటి దిగిపోతాం. రాత్రి కార్గిల్‌లో, 2,700 దగ్గర. మర్నాడు 4,108 మీటర్ల ఫోటు లా దాటి లేహ్. ఎక్కడం శ్రీనగర్ నుంచి, దిగడం మనాలీకి. ఇందులో మరో మాట లేదు.

లేహ్ చేరాక కూడా వరస ముఖ్యమే. రెండు రోజుల విశ్రాంతి తర్వాత 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా ఎక్కి, పైన పావుగంటకు మించి ఉండకుండా అవతల నుబ్రా లోయలోకి దిగాలి. అది లేహ్ కన్నా పల్లం. 4,200 మీటర్లు దాటిన పాంగాంగ్ సరస్సు ఒడ్డున పడుకోవడం ఆ తర్వాతే. మద్యం, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఎసిటజోలమైడ్ అనే మందు మూత్రపిండాల చేత ఆ బైకార్బొనేట్ పనినే తొందరగా చేయిస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. సొంతంగా మొదలుపెట్టే మందు కాదు. తలనొప్పి, వికారం ఉంటే ఇంకా పైకి పోకూడదు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించాలి. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతోందనడానికి అవి గుర్తులు.

మనిషికి అందని గాలి బండికీ అందదు. ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 వంతుల గాలి కావాలి. ప్రతి వెయ్యి మీటర్లకు ఇంజిన్ శక్తి ఇంచుమించు పదో వంతు పడిపోతుంది. మనాలీ దారిలో అన్నిటికన్నా ఎత్తైన తంగ్లాంగ్ లా 5,328 మీటర్లు. ఇద్దరు మనుషులు, సామానుతో 150 సీసీ బండి అక్కడ ఒకటో గేరులో మూలుగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కాబట్టి సెన్సర్లు గాలిని కొలిచి పెట్రోలు తగ్గిస్తాయి. పాత కార్బొరేటర్ బండికి ఆ తెలివి లేదు. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది, పొద్దున స్టార్టు కాదు. అక్కడ మెకానిక్ ట్యూనింగ్ మార్చి ఇస్తాడు. దిగి వచ్చాక మళ్లీ యథాస్థితికి మార్పించకపోతే పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కుతుంది.

టైరు గాలి సంగతి విచిత్రంగా ఉంటుంది. హైదరాబాద్‌లో 35 డిగ్రీల వేడిలో 30 పీఎస్ఐ నింపామనుకోండి. తంగ్లాంగ్ లా మీద బయటి ఒత్తిడి తగ్గడం వల్ల గేజీలో ఆరు పీఎస్ఐ పెరగాలి. కానీ అక్కడ 5 డిగ్రీల చలికి లోపలి గాలి కుంచించుకుని నాలుగుకు పైగా తగ్గుతుంది. చివరికి తేడా రెండు లోపే. కాబట్టి భయపడి గాలి తీసేయనక్కర్లేదు, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గేజీతో చూసుకుంటే చాలు.

పెట్రోలు విషయంలో మాత్రం ఉజ్జాయింపు పనికిరాదు. మనాలీ దారిలోని టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని రాసిన బోర్డు ఎన్నో ఏళ్లుగా ప్రసిద్ధం. మనం లేహ్ నుంచి మనాలీ వైపు దిగుతాం కాబట్టి లేహ్ దాటాక కారూలో ట్యాంకు నిండా కొట్టించాలి. మైదానంలో లీటరుకు 35 ఇచ్చే బండి ఆ ఘాట్లలో 28 ఇస్తుందనుకుని లెక్కేస్తే 13 లీటర్లు, పైన మూడు లీటర్ల జాగ్రత్త. అదనపు పెట్రోలు లోహపు డబ్బాలో తీసుకెళ్లాలి, కాస్త ఖాళీ వదలాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆవిరి ఉబ్బుతుంది.

ఈ దారిలో రోడ్డుకు అడ్డంగా పారే నాలాలకు ఒక వేళ ఉంది. రాత్రి మంచు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పొద్దున నీరు పిక్కల దాకా కూడా ఉండదు. ఎండెక్కి పైన మంచు కరిగిన నీరు చేరేసరికి మధ్యాహ్నం అదే నాలా బండిని పడేసేంత ఉధృతంగా ఉంటుంది. తెల్లవారుతూనే బయలుదేరాలి. కానీ ఆ వేళ చలి ఉంటుంది. 5 డిగ్రీల గాలిలో 60 వేగంతో పోతే ఒంటికి తగిలేది సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉన్నంత చలి. ముందు మొద్దుబారేవి వేళ్లు, బ్రేకు పట్టాల్సినవీ అవే. మంచి గ్లోవ్స్ కొనడానికి వెనుకాడొద్దు.

సామానులో బరువైనవి కింద, బండి మధ్యకు దగ్గరగా ఉండాలి. వెనక క్యారియర్ మీద ఎత్తుగా పేరిస్తే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ప్లగ్గు, లివర్లు, పంక్చర్ కిట్టు, చైన్ లూబ్ వెంట ఉండాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లలో పనిచేయదు, జట్టులో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఇవన్నీ కలిపితే ఇంటి నుంచి ఇంటికి బండి మీదే అయితే మూడు వారాలు, ఢిల్లీ దాకా రైలైతే రెండు వారాలు. కొండచరియ విరిగి రోడ్డు మూసినా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా వాడుకోవడానికి రెండు ఖాళీ రోజులు ఇందులోనే ఉన్నాయి. అంత సెలవు దొరకని ఏడాది లేహ్ పెట్టుకోకండి. చింతపల్లి ఘాట్ ఎక్కి లంబసింగి, అక్కడి నుంచి అరకు చుట్టి రండి. సెలవు దొరికిన ఏడాది శ్రీనగర్ వైపు నుంచి ఎక్కండి.