ఒక గిలక... రెండు బెల్టులు!

సాయంత్రంపూట సుచిత్ర చౌరస్తాలో సిగ్నల్ దగ్గర నిలబడితే రకరకాల చప్పుళ్లు వినిపిస్తాయి. హారన్లు, మేడ్చల్ వైపు వెళ్లే లారీల బ్రేకులు, వాటి మధ్యలో ఎక్కడో కీచుమంటూ ఓ సన్నని అరుపు. గ్రీన్ లైట్ పడి బండి కదలగానే మొదలై కాసేపటికి ఆగిపోతుంది. నడిపేవాళ్లు చాలామంది పట్టించుకోరు. చెయ్యి తిరిగిన మెకానిక్ అయితే బానెట్ ఎత్తకుండానే చెప్పేస్తాడు, బెల్టు జారుతోందని.

మామూలు కారులో ఆ అరుపు ఓ చిరాకు. స్పోర్ట్స్ కారులో అది ఇంజిన్‌కే ఎసరు పెట్టొచ్చు. అందుకే ఆ కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు కంపెనీ బిగించిన పుల్లీని తీసేసి, రెండు గాడులున్న పుల్లీ వేయించుకుంటారు. అరచేతిలో ఇమిడిపోయే చక్రం. దాని వెనక కథ మాత్రం పెద్దదే.

ఆల్టర్నేటర్‌ని మన షెడ్లలో ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. బ్యాటరీని ఛార్జ్ చేసేది, హెడ్‌లైట్లకీ ఏసీ బ్లోవర్‌కీ కరెంటు ఇచ్చేది అదే. 14 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు ఇవ్వాలంటే 1400 వాట్లు. వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుంటే ఇంజిన్ నుంచి అది లాక్కునే శక్తి మూడు హార్స్‌పవర్ పైమాటే. పొలంలో నీళ్లు తోడే మూడు హెచ్‌పీ మోటారును గుర్తుతెచ్చుకోండి. అంత బలాన్నీ వేలెడు వెడల్పు కూడా లేని రబ్బరు బెల్టు మోయాలి!

బావి గిలక మీద చేంతాడు ఎంత ఎక్కువ మేర చుట్టుకుంటే పట్టు అంత ఎక్కువ. బెల్టుదీ అదే లెక్క. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి బెల్టు దాన్ని తాకే మేర తక్కువ. అందుకే జారుడు ముందుగా అక్కడే మొదలవుతుంది. 'వి' ఆకారపు బెల్టు గాడి అడుగున కూర్చోదు, రెండు పక్కల గోడలనూ పట్టుకుంటుంది. పక్కలు అరిగి నున్నబడి బెల్టు అడుగుకు దిగిందా... ఎంత బిగించినా లాభం లేదు. రెండో బెల్టు వేస్తే బరువు పంచుకుంటుంది. పాతతరం పెద్ద ఇంజిన్లలో జంట బెల్టులు పక్కపక్కన తిరుగుతూ కనిపించేది ఇందుకే.

మరి స్పోర్ట్స్ కారుకెందుకొచ్చింది ఈ అవసరం? జపాన్‌లో మజ్దా కంపెనీ 1985 నుంచి తయారుచేసిన రెండోతరం ఆర్ఎక్స్-7 మంచి ఉదాహరణ. పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్ దానిది. (అదే కంపెనీ 1991లో రోటరీ ఇంజిన్ కారుతోనే లీమాన్స్ 24 గంటల రేసు గెలిచింది.) ఆ ఆర్ఎక్స్-7లో ఒక బెల్టు ఆల్టర్నేటర్‌నీ, మరొకటి పొగ కాలుష్యం తగ్గించే ఎయిర్ పంప్‌నీ తిప్పుతాయి. రెండూ వాటర్ పంప్ మీదుగానే వెళతాయి. బరువు తగ్గిద్దామని రేసు ప్రియులు ఎయిర్ పంప్ పీకేశారు. దాంతో పాటే ఒక బెల్టూ పోయింది! మిగిలిన ఒక్కటే ఆల్టర్నేటర్‌నీ వాటర్ పంప్‌నీ మోయాలి. వేగం పెరిగాక అది జారితే బ్యాటరీ ఒక్కటే కాదు, నీళ్లు తిరగడమూ మందగిస్తుంది. వేడెక్కితే రోటరీ ఇంజిన్ తట్టుకోలేదు. లోపలి రబ్బరు సీళ్లు దెబ్బతింటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. ఖాళీ అయిన గాడిలోకి మళ్లీ బెల్టు వేసి, దాన్నీ ఆల్టర్నేటర్‌కే తగిలించేది ఈ జంట పుల్లీ. నిజం చెప్పాలంటే, తాము చేసుకున్న మార్పుకు తామే వేసుకున్న మందు అన్నమాట.

ఇక్కడ అలాంటి పుల్లీ చేయించాలంటే చూపు సహజంగానే సుచిత్ర పక్కనున్న జీడిమెట్ల పారిశ్రామికవాడ వైపు వెళుతుంది. లేత్ మీద చక్రం తిప్పడం బ్రహ్మవిద్యేం కాదు. కష్టమంతా కొలతల్లో ఉంది. గాడి కోణం తేడా వస్తే బెల్టు పట్టుకోదు. మూడు పుల్లీల గాడులూ ఒకే వరుసలో లేకపోతే బెల్టు అంచులు పీచుపీచుగా లేచిపోతాయి. ఇంజిన్ నిమిషానికి 7000 చుట్లు తిరిగితే ఆల్టర్నేటర్ దానికి రెట్టింపు తిరుగుతుంది. ఆ వేగంలో పుల్లీ బ్యాలెన్స్ రవ్వంత తప్పినా బేరింగ్ నిలవదు. సైజు కూడా ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. పెద్దదైతే సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదించినప్పుడు ఛార్జింగ్ చాలదు. కొంపల్లి దారిలో ట్రాఫిక్ ఆగిన ప్రతిసారీ హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటాయి. చిన్నదైతే ఆల్టర్నేటర్ హద్దు దాటి తిరుగుతుంది.

బిగించేటప్పుడు మొట్టమొదట బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. తాళంచెవి తీసేసినా ఆల్టర్నేటర్ వెనకున్న లావుపాటి వైరులో కరెంటు ఉంటుంది. పానా తగిలితే నిప్పురవ్వలే. రెండు బెల్టులూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి, జతగా కొనాలి. కొత్తదాని పక్కన పాతది వేస్తే పొట్టిగా ఉన్నదే బరువంతా మోసి ముందు తెగుతుంది. జారుతోందని కోపంకొద్దీ బిగించేస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంప్ బేరింగులు రెండూ పోతాయి. కొత్త బెల్టులు కొన్నాళ్లకు సాగుతాయి కాబట్టి మళ్లీ ఒకసారి చూసుకోవాలి. కొందరు మర్చిపోయేది ఇక్కడే.

చట్టం మాటేమిటి? ఆర్సీలో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పుల్లీ ఆర్సీకెక్కే వివరం కాదు. కానీ కాలుష్యాన్ని అదుపుచేసే పంపును పీకేయడం వేరే సంగతి. రోడ్డు మీద తిరిగే బండికి ఆ పని చేయకుండా ఉంటే రెండో బెల్టు బెడదే రాదు.

స్పోర్ట్స్ కారు లేనివాళ్లకు ఇదంతా ఎందుకనుకోవద్దు. ఇప్పటి కార్లలో చాలావాటికి నిలువు చారలున్న బల్లపరుపు బెల్టు వస్తోంది. ఎన్నో మోడళ్లలో వాటర్ పంప్‌నీ అదే తిప్పుతుంది. మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కి పిల్లాపాపలతో వెళుతుంటే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్రదీపం వెలిగి, వేడి ముల్లు కూడా పైకి లేస్తోందంటే బెల్టు తెగి ఉండొచ్చు. వచ్చే ఎగ్జిట్ దాకా లాగిద్దామనుకోకుండా ఎడమ అంచుకు తీసి ఇంజిన్ ఆపేయాలి. రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయకండి, మరిగే నీళ్లు మొహాన కొడతాయి.

అన్నట్టు, సర్వీసింగులో బెల్టు మార్పించినప్పుడు పగుళ్లు లేకుండా ఉంటే పాతదాన్ని షెడ్డులో వదిలేయకుండా డిక్కీలో పడేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అర్ధరాత్రి హైవే మీద ఆ సైజు బెల్టు ఏ కొట్లో దొరుకుతుంది మరి!