గుండెజబ్బు గల కుక్కకు మందిచ్చు విధము

పుంగనూరు పొట్టి యావు పేరు దేశమంతట తెలిసినదే. ఆ యావు ఒకపూట మేత మానినచో ఇల్లంతయు కలవరపడి పశువైద్యునికై కబురంపుదురు. అదే వాకిట పండుకొనిన ముసలికుక్క పది దినములుగా దగ్గుచున్నను "వయసు మళ్లినది, అంతే" యని యూరకుందురు. సోదరీమణులారా! ఆ దగ్గు ఒక్కొక్కప్పుడు గుండెజబ్బునకు గుర్తు కావచ్చును.

చిన్నజాతి కుక్కలకు వయసు మీరినకొలది గుండెలోని కవాటము సరిగా మూసికొనక నెత్తురు వెనుకకు మరలును. డాబర్మన్ వంటి పెద్దజాతులయందు గుండెకండరమే బలహీనపడి సాగిపోవును. దోమకాటువలన గుండెలో పురుగులు చేరుటయు కలదు. దగ్గు, ఆయాసము, కడుపుబ్బు, ఉన్నట్టుండి సొమ్మసిల్లుట కనబడినచో ముందుగా ఊరి పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. పెద్దపరీక్షలు కావలసినచో మదనపల్లె, పుంగనూరువారికి 1955లో వెలసిన తిరుపతి పశువైద్య కళాశాల యున్నది. కుప్పమువారికి రైలుదారిన బెంగుళూరు చేరి, అచ్చటి హెబ్బాళ పశువైద్య కళాశాలకు పోవ వీలగును.

వైద్యులు సాధారణముగా వ్రాయు మందులు కొన్ని. పిమోబెండాన్ గుండె కొట్టుకొను బలమును హెచ్చించును. దినమునకు రెండుమారులు, పరగడుపున, మేతకు సుమారొక గంట ముందీయవలెను. ఫ్యూరోసెమైడ్ ఊపిరితిత్తులలో చేరిన నీటిని మూత్రరూపమున వెడలించును. కావున కుక్కకు దాహమెక్కువగును. వాకిలి తడియునని నీటిగిన్నె దాచుట మహాపరాధము. ఎనలాప్రిల్, బెనాజెప్రిల్ అనునవి రక్తనాళములను సడలించి గుండెబరువు తగ్గించును. వీనిని మొదలుపెట్టిన పిమ్మట వైద్యుడు చెప్పిన దినమున మూత్రపిండముల రక్తపరీక్ష తప్పక చేయింపవలెను. డిగాక్సిన్ అనునది డిజిటాలిస్ జాతి మొక్కనుండి వచ్చిన మందు. ఆ మొక్క గుణమును గూర్చి ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ 1785లోనే గ్రంథము వ్రాసెను. దీనియందు మేలుచేయు మోతాదునకును, కీడుచేయు మోతాదునకును ఎడము మిక్కిలి స్వల్పము. వాంతి, ఆకలి మందగించుట కనబడినచో తరువాతి మోతాదు ఈయకమునుపే వైద్యునికి తెలుపవలెను.

ఇట్లనుకొందము. ఉదయము అత్తగారు కుక్కకు మాత్ర వేసి పూజకు కూర్చుండినారు. అది తెలియక కోడలు మరియొక మాత్ర వేసినది. ఇరువురిదియు ప్రేమయే, ప్రాణము మీదికి వచ్చినది కుక్కకు. దీనికి మందు ఒక కాగితము. వంటింటి గోడకు దినచర్య పట్టిక తగిలించి, మాత్ర వేసినవారు వెంటనే గీత గీయవలెను. ఒకే చేతిమీదుగా జరుగుట మరియు మంచిది. పొరపాటున రెండు పడినచో లక్షణములకై వేచియుండక వైద్యునికి తెలుపుడు. మీయంతట మీరు వాంతి చేయింపకుడు. ఒకపూట మరచినచో మరుపూట రెండు వేయరాదు. కుక్క హుషారుగా నున్నదని మందు మానుటయు ప్రమాదమే.

మామగారి గుండెమాత్రలపెట్టెలో అదే పేరు కనబడవచ్చును. కాని కుక్క మోతాదు దాని బరువునుబట్టి వైద్యుడు లెక్కించునది. ఇంట నొప్పులకు వాడు ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కుక్కకు విషతుల్యములు. పై మందులతో కలిసినచో మూత్రపిండములు మరియు చెడును.

మేతతో ఈయదగిన మాత్రయైనచో ఉప్పులేని రాగిసంగటితో మూడు చిన్న ఉండలు చేయుడు. మొదటిది వట్టిది, రెండవదానిలో మాత్ర, మూడవది వట్టిది. మూడవదానిపై ఆశతో రెండవది నమలక మింగును. ఊరుబిండితోను, పులుసుతోను కలుపరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషము, ఉప్పు గుండెకు భారము. నోట వేయవలసివచ్చినచో నాలుక మొదట నుంచి, నోరు మూసి, గొంతు మెల్లగా నిమురుడు. తల పైకెత్తి నీరు పోయకుడు, ఊపిరితిత్తులలోనికి పోవును. రుచిగల మాత్రలను కుక్క డబ్బాతోసహా తినివేయును. పిల్లలకును అందని ఎత్తున భద్రపరుపుడు. మందు పట్టిన చేతులు కడుగుకొనుడు.

రాత్రి కుక్క నిద్రించునప్పుడు ఒక నిమిషము దాని రొమ్మును చూడుడు. లేచి పడుట ఒక శ్వాస. సాధారణముగా ముప్పదికి లోపలనుండును. అంతకు మించుచు పోవుచున్నచో వైద్యునికి తెలుపుడు. నోరు తెరచి రొప్పుచు, నాలుక నీలమైనచో తెల్లవారనీయక తీసికొనిపోవలెను.

మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయరోగ చికిత్సకు పేరుగన్నది. దీర్ఘవ్యాధికి వేళతప్పని మందు, ఓపికగల చేయి ఎంత యవసరమో ఆ ప్రాంతపువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇన్నేండ్లు మన గడప కాచిన నోరులేని ప్రాణికి తన బాధ చెప్పుకొన మాటలేదు. దాని శ్వాస లెక్కించి, వేళకు మందిచ్చు గృహిణియే దానికి నోరు.